ఎదురింట్లో తాళంచెవి

ఆ చర్చి తలుపుకు ఒక చిన్న కాగితం ఉండేది. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చారు. లోపల చూడాలనుకునేవారు ఎదురింట్లో తాళంచెవి అడిగి తీసుకోవచ్చని మర్యాదగా రాసి, కింద ఒక బాణం గుర్తు కూడా వేశారు. చర్చికి ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క ఇల్లు. అయినా బాణం వేశారు.

నేను ఆ కాగితం చదివి, వెనక్కి తిరిగి ఆ ఇంటి ఆకుపచ్చ తలుపు వైపు చూసి, బస్‌స్టాప్‌కు వెళ్ళిపోయాను. తరువాతి వారం మళ్ళీ వచ్చి మళ్ళీ అదే పని చేశాను.

అది 2005 వేసవి. మేము స్టీవెనేజ్‌లో ఒక ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్ళం. పెళ్ళై ఏడాది దాటింది. ఆయన్ను ఆఫీసువాళ్ళు బ్రాక్‌నెల్‌లో ఒక ప్రాజెక్టులో వేశారు. రోజూ వెళ్ళి రావడం కుదరక, సోమవారం తెల్లవారకముందే బయల్దేరి, అక్కడ ఇంకో ఇద్దరు తెలుగువాళ్ళతో కలిసి ఒక గదిలో ఉండి, శుక్రవారం రాత్రికి వచ్చేవారు. ఇల్లు అక్కడికే మారదామంటే ప్రాజెక్టు ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలియదు. "ఇంకో మూడు నెలలు చూద్దాం" అనేవారు. మూడు నెలలయ్యాక మళ్ళీ అదే మాట.

ఉద్యోగం కోసం నేనూ ప్రయత్నించాను. ఇంటర్వ్యూకు పిలిచారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మంచివాళ్ళే, నవ్వుతూనే అడిగారు. నాకు మాత్రం నోరు పెగల్లేదు. ఇంగ్లీషు రాక కాదు. చీరాలలో ఉన్నప్పుడు కూడా అంతే. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు, ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని.

అందుకని సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను పైకి మాట్లాడే మాటలు చాలా తక్కువ. సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర థాంక్యూ. బస్సులో డ్రైవరుకు ఊరి పేరు. రాత్రి ఆయన ఫోన్ చేస్తే, "తిన్నావా?" అంటే "తిన్నాను", "ఏం చేశావు?" అంటే "ఏం లేదు".

నిజానికి చాలా చేసేదాన్ని. స్టీవెనేజ్‌లో మేమున్న వైపు అంతా యుద్ధం తరువాత కట్టిన ఊరు. తిన్నని రోడ్లు, ఒకే రకం ఇళ్ళు. కానీ లైబ్రరీలో ఆ జిల్లా పాత కట్టడాల గురించి లావుపాటి పుస్తకాలుండేవి. ఒక్కో పుస్తకం తెచ్చుకుని చదివి, ఊరి పేరు కాగితం మీద రాసుకుని, పొద్దున్నే బస్సెక్కేదాన్ని. బస్సు పొలాల మధ్య చిన్న రోడ్లలో తిరిగి తిరిగి వెళ్ళేది. పాతకాలంలో చర్చికి పన్నుగా వచ్చిన ధాన్యం దాచిన కొట్టు ఒకటి చూశాను. లోపల దూలాలు తలకిందులు చేసిన పడవలా ఉన్నాయి. ఇటుకలతో గుండ్రంగా కట్టిన పావురాల గూడు చూశాను. అందులో పావురాలు లేవు, గోడ నిండా గూళ్ళు మాత్రం ఉన్నాయి. రెక్కలు తీసేసిన గాలిమర. దిక్కులేని ముసలివాళ్ళ కోసం ఎవరో ధనవంతుడు కట్టించిన వరస ఇళ్ళు. వాటిలో ఇప్పటికీ ముసలివాళ్ళే ఉన్నారు, కిటికీల్లో జెరేనియం పూల కుండీలతో. గోధుమ చేను మధ్యలో కప్పు లేకుండా నిలబడ్డ ఒక చర్చి గోడ. ఆ గోడ పక్కన కూర్చుని పులిహోర తిన్నాను.

ఇవన్నీ ఎవర్నీ ఏమీ అడగకుండా చూడగలిగినవి. తాళం ఉన్న చర్చి దగ్గరే ఆగిపోయాను. దాని లోపల గోడ మీద చాలా పాత బొమ్మ ఒకటి ఉందని పుస్తకంలో చదివాను. అది చూడాలని ఎంతో ఉండేది. కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ళ తలుపు కొట్టి, "మీ దగ్గర తాళంచెవి ఉందట, ఇస్తారా" అని అడగాలి. అడిగితే వాళ్ళు చేస్తున్న పని ఆపాలి. నన్ను పైనుంచి కిందిదాకా చూడాలి. 

మళ్ళీ ఇంకో గురువారం ఆ కాగితం ముందు నిలబడి ఉన్నాను. వెనక ఆకుపచ్చ తలుపు తెరుచుకుంది.

"ఆ తలుపు అంత బాగుందా?" అని ఎవరో అరిచారు.

తిరిగి చూస్తే ఒక ముసలావిడ. పొట్టిగా, లావుగా ఉంది. మగవాళ్ళ ఊలు కార్డిగన్ వేసుకుంది. చేతిలో అరచేతి కంటే పొడవైన ఇనప తాళంచెవి.

"వారం వారం వచ్చి తలుపు చూసి పోతున్నావు. నా టీ చల్లారిపోతోంది, ఇప్పుడొస్తావు ఇప్పుడొస్తావు అని కిటికీలో కూర్చుని" అంది దగ్గరికి వచ్చి.

"సారీ" అన్నాను.

"దేనికి? తలుపు చూసినందుకా?"

తాళంచెవిని తలకిందులుగా పెట్టి తిప్పి, మోకాలితో తలుపును ఒక్క తోపు తోసింది. లోపలి చల్లదనం ముఖానికి తగిలింది. నేను ఆలోచించకుండానే చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టాను.

ఆవిడ నా పాదాలకేసి చూసింది. "సైజు నాలుగు" అంది. "నలభై ఏళ్ళు చెప్పుల షాపులో పనిచేశాను. ఎందుకు విప్పావు?"

"మా వైపు ఇలాంటి చోట్ల విప్పుతాం."

"రాళ్ళు గడ్డకట్టి ఉంటాయి. దేవుడికి నీ కాళ్ళు చూడాలని అంత సరదా ఉంటుందనుకోను." మళ్ళీ తనే, "సరేలే, నాకేమీ అభ్యంతరం లేదు. ఇక్కడికి బురద బూట్లతో వచ్చేవాళ్ళే ఎక్కువ" అంది.

ఆ చర్చి చాలా చిన్నది. బయట గోడలు చెకుముకి రాళ్ళతో కట్టారు, లోపలి స్తంభాలు మెత్తని సుద్దరాయి. ఆ రాయి మీద ఎప్పటెప్పటివారో గోటితో, చాకుతో గీసిన గీతలు. ఒకచోట ఓడ, ఒకచోట అరచేతి ఆకారం. తలుపుకు ఎదురుగా ఉన్న గోడ మీద ఎర్రమట్టి రంగు మరకలు తప్ప నాకేమీ కనిపించలేదు.

"ఇదేనా బొమ్మ?" అన్నాను. నా గొంతులో నిరాశ ఆవిడకు వినిపించే ఉంటుంది.

"నిలబడు. ఇక్కడ కాదు, ఇక్కడ" అని నా మోచెయ్యి పట్టుకుని ఒక అడుగు పక్కకు జరిపింది. "ఇవి కాళ్ళు. చూశావా? మోకాళ్ళ దాకా నీళ్ళు. ఈ గీతలు అలలు. అదిగో చేప. ఇంకోటి అక్కడ. అది ఊతకర్ర. పైన నడుము లేదు, తల లేదు. కప్పు కారి రాలిపోయింది. కానీ ఆ పైన, ఆ భుజం మీద, ఒక పసివాడు కూర్చుని ఉండేవాడు. ఇతను పసివాణ్ణి నది దాటిస్తున్నాడు. ప్రయాణం చేసేవాళ్ళు పొద్దున్నే తలుపు తీసి ఇతన్ని చూసి పోతే ఆ రోజుకు ఏ ఆపదా రాదని నమ్మకం. అందుకే తలుపుకు ఎదురుగా వేశారు, తొందరలో ఉన్నవాళ్ళు తొంగి చూసి పోవడానికి. తరువాత ఎవరికో ఇష్టం లేక సున్నం కొట్టేశారు. వందల ఏళ్ళు సున్నం కిందే నిలబడ్డాడు, పాపం, నీళ్ళలో."

ఆవిడ చెబుతుంటే మరకలు కాళ్ళయ్యాయి. లేని భుజం కూడా కనిపించింది.

"మా కథలో కూడా ఒక తండ్రి ఉన్నాడు" అన్నాను. "అప్పుడే పుట్టిన బిడ్డను బుట్టలో పెట్టి, నెత్తిన పెట్టుకుని, వానలో నది దాటతాడు."

"మునిగిపోతాడా?"

"లేదు. నది దారి ఇస్తుంది."

"మీ నదులు మంచివి" అంది ఆవిడ.

ఆ వారంలో నేను పైకి మాట్లాడిన మాటల్లో అవే పొడవైనవి.

అప్పట్నుంచి ప్రతి గురువారం వెళ్ళేదాన్ని. ఆవిడ నాస్తికురాలో ఆస్తికురాలో నాకు అర్థమయ్యేది కాదు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళేది కాదు. "ఆదివారం మరీ రద్దీ. ఆరుగురొస్తారు" అనేది. భర్తను ఆ చర్చి ఆవరణలోనే పూడ్చారు. కార్డిగన్ ఆయనదేనట. పాతికేళ్ళుగా తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకు తలుపు తీసి, గోడ ముందు నిలబెట్టి, కాళ్ళూ చేపలూ చూపించేది. ఎవరూ చెప్పకపోతే అక్కడ మరకలే ఉంటాయి.

"చర్చి కమిటీలో ఒక మీసాలాయన ఉన్నాడు" అని ఒకసారి చెప్పింది. "తాళం వేసి ఉంచేద్దామంటాడు. దొంగలు కప్పు మీది సీసం రేకులు ఎత్తుకుపోతున్నారట, ఇన్సూరెన్సువాళ్ళు గొడవట. నేనున్నంతవరకూ అతని మాట సాగదు. ఆ తరువాత ఎవరు? ఈ సందులో ఉండేవాళ్ళంతా చీకటితోనే రైలెక్కి లండన్ పోతారు. వాళ్ళ తలుపు కొట్టినా పలికేది కుక్క ఒక్కటే."

 నేనుండేది బస్సులో ముప్పావుగంట దూరంలో. అదీ అద్దెకు.

ఆగస్టులో ఆవిడ నాకొక పని ఇచ్చింది. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు మోకాళ్ళ కింద వేసుకునే చిన్న దిళ్ళుంటాయి. ఒకప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు కూర్చుని ఊలుతో పువ్వులూ పక్షులూ శిలువలూ కుట్టారట. వాటిలో శిలువా పక్షీ ఉన్న ఒకదాని కుట్లు ఎలుకలు కొరికి ఊడిపోయాయి. నాకు ఎంబ్రాయిడరీ వచ్చని చెప్పాను. ఇంటికి తీసుకెళ్ళి కుట్టుకు రమ్మంది. సంచిలో పెట్టుకుని తెచ్చి, పగలంతా కుట్టి, సోఫా మీద పెట్టాను.

ఆ సాయంత్రం మా వీధికి రెండు వీధుల అవతల ఉండే ఆంటీ వచ్చారు. గుంటూరు వైపు వాళ్ళు. స్టీవెనేజ్‌కు వచ్చి చాలా ఏళ్ళైంది. మా లాంటి కొత్తవాళ్ళందరికీ ఆంటీ ఇల్లే పుట్టిల్లు. కుండీలో పెంచిన గోంగూర తెచ్చారు. కూర్చోబోయి, ఆగారు.

"ఇదేందమ్మా ఇది?"

"దిండు ఆంటీ."

"దిండని నాకూ తెలుసు. దాని మీద శిలువేందని."

"కుట్లు ఊడిపోతే కుడుతున్నాను."

"ఎవరిది?"

"చర్చిది ఆంటీ."

ఆంటీ సోఫా మీద కూర్చోలేదు. కుర్చీ లాక్కున్నారు. వెంట వచ్చిన వాళ్ళమ్మాయి, పదో క్లాసు వయసు పిల్ల, దిండు తీసి చూసి, "మమ్, ఇట్స్ క్యూట్. వీ సా దీజ్ ఆన్ ఎ స్కూల్ ట్రిప్" అంది. "నువ్వూరుకో" అన్నారు ఆంటీ.

నేను వివరంగా చెప్పి ఉంటే అక్కడితో పోయేదేమో. గోడ మీది బొమ్మ సంగతి, తాళంచెవి సంగతి, ధాన్యపు కొట్టు, పావురాల గూడు. ఏదీ నోటికి రాలేదు. "టీ పెట్టనా ఆంటీ?" అన్నాను.

ఆ ఆదివారం ఎవరింట్లోనో భోజనాలకు వెళ్ళాం. గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక అంకుల్ రెండు చేతులూ జోడించి, "వందనాలమ్మా!" అన్నారు. మా వైపు క్రైస్తవులు పలకరించుకునే మాట అది. హాలంతా నవ్వింది. చీరాలలో మా పక్కింటివాళ్ళు ఆ మాటతోనే పలకరించేవారు. ప్రతి డిసెంబరులో కేకు పంపేవారు. ఆ మాటలో నవ్వడానికి ఏముందో నాకు తెలియలేదు. మా ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వారం తిరగకముందే కబురు చీరాలకు చేరింది. అమ్మ ఫోన్ చేసింది. అమ్మ తనంతట తాను ఫోన్ చేయడం అరుదు.

"నిజం చెప్పవే. నీకక్కడ ఏమన్నా కష్టంగా ఉందా?"

"లేదమ్మా."

"మరి దేవుణ్ణెందుకే మార్చుకోవడం?"

"మార్చుకోలేదు. పాత బొమ్మ ఉంటే చూడ్డానికి వెళ్తున్నా."

"బొమ్మ చూడ్డానికి వారం వారం ఎవరన్నా పోతారటే?"

దానికి జవాబు చెప్పాలంటే మిగతా నాలుగు రోజుల సంగతి కూడా చెప్పాలి. "సిగ్నల్ సరిగా లేదమ్మా" అన్నాను.

ఆయన శుక్రవారం వచ్చాక భోజనం దగ్గర ఆ విషయం ఎత్తారు. కోప్పడలేదు. "నువ్వేం మారలేదని నాకు తెలుసు. కానీ మనకు జ్వరమొస్తే చారు పెట్టి పంపేది వీళ్ళే కదా. కొన్నాళ్ళు ఆపెయ్యి" అన్నారు.

"సరే" అన్నాను.

రెండు గురువారాలు వెళ్ళలేదు. మూడో గురువారం దిండు తిరిగి ఇవ్వాలనే సాకుతో బస్సెక్కాను. ఆకుపచ్చ తలుపు కొట్టాను. అదే మొదటిసారి నేను ఆ తలుపు కొట్టడం. లోపల చప్పుడు లేదు. పక్క సందులోంచి పసిపిల్లను బండిలో తోసుకుంటూ ఒకామె వచ్చి ఆగింది.

"చెప్పులు విప్పే అమ్మాయి మీరేనా?" అంది. "ఆవిడ పడిపోయింది. తుంటి విరిగింది. స్టీవెనేజ్ హాస్పిటల్లో ఉంది."

మా ఫ్లాట్ నుంచి ఆ హాస్పిటల్‌కు నడిచి వెళ్ళొచ్చు. ఆ సాయంత్రమే వెళ్ళాను. మంచం మీద ఆవిడ సగమైపోయినట్టు కనిపించింది. కార్డిగన్ లేకపోవడం వల్ల కూడా కావచ్చు.

"దిండు తెచ్చావా? చూపించు." కుట్టు మీద వేలితో రాసి చూసింది. "పక్షి కన్ను పెద్దదైంది. బాగుంది, ఆశ్చర్యపోయినట్టుంది" అని నవ్వబోయి ఆయాసపడింది. తరువాత అసలు సంగతి చెప్పింది.

ఏటా సెప్టెంబరులో ఒక వారాంతం దేశమంతటా పాత కట్టడాలను తెరిచి పెడతారు. మామూలుగా లోపలికి రానివ్వని చోట్ల కూడా జనం ఉచితంగా తిరిగి చూడొచ్చు. ఆ చర్చి పేరు కూడా ఆ ఏడు జాబితాలో అచ్చయింది. పాస్టరుగారికి ఐదు ఊళ్ళ చర్చిలున్నాయి, ఆయన రాలేరు. తాళంచెవి ఆవిడ వంటింట్లో మేకుకు ఉంది, ఇంటి తలుపు ఆ పసిపిల్ల తల్లి తీస్తుంది.

"ఆ శనివారం మీసాలాయన చూడ్డానికి వస్తాడు. ఆ రోజు కూడా తలుపు మూసే ఉంటే అతనికి ఇంకే కారణం అక్కర్లేదు. ఇక తెరవరు. నువ్వు నిలబడాలి."

"నాకు మాట్లాడ్డం రాదు."

"నాతో మాట్లాడుతున్నావుగా."

"మీతో వేరు."

"వచ్చేవాళ్ళంతా నాలాంటివాళ్ళే. సగం మందికి చెవులు వినిపించవు. నువ్వు తప్పు చెప్పినా తెలీదు." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్తానో లేదో. వెళ్ళినా గోడకేసి చూడాలంటే తలుపు తీసేవాళ్ళుండాలిగా."

ఆ శనివారమే ఆంటీ ఇంట్లో వినాయక చవితి. పండగ బుధవారం వచ్చింది కానీ అందరికీ సెలవు శనివారమే కనుక పూజా భోజనాలూ ఆ రోజుకు పెట్టారు. ఉండ్రాళ్ళు నేను చేసి తెస్తానని అంతకుముందే ఒప్పుకున్నాను.

శుక్రవారం రాత్రి ఆయనకు చెప్పాను. ముందు కొంచెం, తరువాత అంతా చెప్పాను. ఆయన వింటూ కంచంలో చెయ్యి అలాగే ఉంచారు.

"పండగ రోజు చర్చికా? వాళ్ళు నిజమే అనుకుంటారు."

"అనుకుంటారు" అన్నాను.

"మరి?"

"ఉండ్రాళ్ళు చేసి పెడతాను, మీరు తీసుకెళ్ళండి. నేను పొద్దున్నే బస్సుకు పోతాను."

ఆయన లేచి చెయ్యి కడుక్కుని వచ్చారు. చివరికి, "ఆంటీకి నేనేం చెప్పాలి?" అన్నారు. నాకూ తెలియదన్నాను.

ఆ పొద్దున మోకాలితో తలుపు తోస్తే తెరుచుకోలేదు. భుజంతో తోశాను. చెప్పులు విప్పి, మందపాటి సాక్సులు వేసుకుని, తలుపు పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి సైకిళ్ళ మీద ఒక ముసలి జంట వచ్చింది. లోపలంతా ఒక చుట్టు తిరిగారు. గోడ ముందు ఆగి, "ఇక్కడేదో బొమ్మ అన్నారే" అన్నాడాయన. "రాలిపోయినట్టుంది" అందామె. ఇద్దరూ తలుపు వైపు తిరిగారు.

వాళ్ళు గుమ్మం దాటితే అయిపోతుంది. 

"ఇక్కడ కాదు, ఇక్కడ నిలబడండి" అన్నాను. గొంతు కీచుగా వచ్చింది. "ఇవి కాళ్ళు. మోకాళ్ళ దాకా నీళ్ళున్నాయి."

వాళ్ళు నిలబడ్డారు. చేప కనిపించగానే ఆమె, "అయ్యో, అదిగో!" అని చిన్నపిల్లలా భర్త చెయ్యి గుంజింది. ఓడ గీత చూపించాను. అరచేతి గీత చూపించాను. వాళ్ళు వెళ్ళాక ఒక కుటుంబం, తరువాత కెమెరాతో ఒకాయన, ఆ తరువాత కర్రల సాయంతో నడిచే ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. నిజంగానే ఒకామెకు వినిపించలేదు. గట్టిగా చెప్పమంది. నా జీవితంలో నన్ను ఎవరూ చిన్నగా మాట్లాడమని అనలేదు, గట్టిగా మాట్లాడమనే అందరూ అన్నారు. ఆ రోజు మాట్లాడాను. గొంతు కప్పు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

మధ్యాహ్నం దాటాక మీసాలాయన వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు, వానకోటు మడిచి చేతి మీద వేసుకున్నాడు. ఒక పక్కన నిలబడి విన్నాడు. నేను ఆడవాళ్ళకు నది సంగతి చెబుతున్నప్పుడు స్తంభం పక్కన ఇంకెవరో కదిలినట్టనిపించింది. మా ఆయన. నుదుట కుంకుమ, చేతిలో స్టీలు డబ్బా. ఎప్పుడొచ్చారో తెలియదు. బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నారు.

అందరూ వెళ్ళాక మీసాలాయన నా దగ్గరికి వచ్చాడు. "ఒక్క రోజుకు బాగానే ఉంది" అన్నాడు. "వారానికి ఒక రోజైనా ఎవరో ఒకరు నిలబడితే మూసేద్దామని నేననను. శనివారమైతేనే జనం వస్తారు. కానీ ఎవరున్నారు? మీరే చెప్పండి."

"నేనున్నాను" అన్నాను.

మా ఆయన అక్కడే ఉన్నారు. అడగలేదు నేను. అడిగి ఉంటే ఆ మాట అనలేకపోయేదాన్ని.

కారులో చాలా దూరం వచ్చాక, "శనివారం" అన్నారు ఆయన.

"ఊఁ."

"మనకున్నవి ఆ రెండు రోజులే కదా."

"ఊఁ."

ఒక ట్రాక్టరు వెనక నెమ్మదిగా పోతున్నాం. "నువ్వు అంతసేపు మాట్లాడతావని నాకు తెలీదు" అన్నారు. "నాతో ఎప్పుడూ మాట్లాడలేదు."

"మీరు తిన్నావా అని అడుగుతారు. దానికి ఒక్క మాటే జవాబు."

అన్నాక భయం వేసింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ట్రాక్టరును దాటే ప్రయత్నం కూడా చేయలేదు. ఆ వారం ఫోన్ చేసినప్పుడు, "ఈ రోజు ఏం చదివావు?" అన్నారు. చెప్పాను. కాసేపటికే ఆయనకు నిద్ర వచ్చింది, పాపం, ఆవలింత వినిపించింది. అయినా ఆ తరువాత కూడా అడుగుతూనే ఉన్నారు.

శరదృతువంతా శనివారాలు అక్కడే నిలబడ్డాను. మొదట్లో ఆయన దింపి, వెనక బల్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచేవారు. చలి పెరిగాక కారులో కూర్చున్నారు. నవంబరు నుంచి నేను బస్సులోనే వెళ్ళాను, ఆయన ఇంట్లో బట్టలు ఉతికి, నిద్రపోయేవారు. మావాళ్ళ భోజనాల్లో నాకు చర్చమ్మ అని పేరు పడింది. ఆంటీ మాత్రం ఆ పేరుతో పిలవలేదు. గోంగూర పంపడం మానలేదు, కానీ లోపలికి వచ్చి కూర్చోవడం తగ్గించారు.

ముసలావిడ ఇంటికి రాలేదు. పడమటి సముద్రం వైపు ఉండే కూతురు వచ్చి తీసుకెళ్ళింది. క్రిస్మస్ ముందు ఒకసారి ఫోన్ చేసింది. ఫోన్లో ఆవిడ గొంతు వేరేలా ఉంది, నా గొంతూ అంతే. "ఎవరైనా వస్తున్నారా?" అంది. "వస్తున్నారు" అన్నాను. ఆ శనివారం ఎవరూ రాలేదు. ఆకుపచ్చ తలుపు ముందు అమ్మకానికి బోర్డు పెట్టారు.

మార్చిలో బ్రాక్‌నెల్‌లో ఫ్లాట్ దొరికింది. ప్రాజెక్టు ఇంకో రెండేళ్ళు ఉంటుందని తేలింది. రోజూ సాయంత్రం ఆయన ఇంటికి వస్తారు. నేను సంతోషించాను, నిజంగానే. మీసాలాయనకు చెబితే, "ఎవరైనా దొరుకుతారేమో చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' ఎలాంటిదో నాకు బాగా తెలుసు. ఆ పసిపిల్ల తల్లిని అడిగాను. శనివారాలు తనకు కుదరవంది, నిజమే చెప్పింది.

చివరి శనివారం పొద్దున్నుంచి వాన. ఎవరూ రాలేదు. కప్పు మీద వాన చప్పుడు వింటూ కూర్చున్నాను, స్తంభాల మీద గీతలన్నీ ఒకసారి చూశాను. నాలుగింటికి మూసేయాలి. మూడున్నరకు లేచి వెళ్ళి గోడ ముందు నిలబడ్డాను. అన్ని శనివారాలు ఆ బొమ్మ గురించి చెప్పాను కానీ చెప్పినదంతా ఇంగ్లీషులోనే. నా భాషలో ఒక్కసారైనా ఎవరికీ చెప్పలేదు. ఆయన అడగలేదు, అమ్మకు చెప్పలేదు.

"ఇక్కడ కాదు, ఇక్కడ నిలబడండి" అన్నాను తెలుగులో, పైకే. ఖాళీ చర్చిలో ఆ మాట ఎంత పెద్దగా వినిపించిందంటే ఒక్క క్షణం ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను. "ఇవి కాళ్ళు. మోకాళ్ళ దాకా నీళ్ళు. ఇవి అలలు. అది చేప, అక్కడ ఇంకోటి. పైన లేదు, రాలిపోయింది. పైన భుజం మీద పసివాడు ఉండేవాడు." తొందరపడలేదు. వినిపించనివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా, ఒక్కొక్క మాటా, చివరిదాకా చెప్పాను. వెనక బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. బయట వాన తగ్గలేదు. మీసాలాయన కారు గేటు ముందు ఆగిన చప్పుడైంది, తాళంచెవి తీసుకోవడానికి.